మార్తక్క తమాలె

మార్తక్కా,

నీకు తెలుగు రాదు, అయినా రాస్తున్నాను. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దుట్నించి నాకు కాలు నిలవలేదు.

పోయినేడు మీ సాల్వడార్ వాళ్ళ పద్ధతిలో తొమ్మిదో రోజు ప్రార్థన అయ్యాక, మీ అమ్మాయి రోసా మొక్కజొన్న పిండి ముద్దని అరిటాకులో చుట్టి ఉడికించిన తమాలె నా చేతిలో పెట్టింది. చావింట్లో మేం మంచినీళ్ళు కూడా ముట్టం. బల్ల మీద పెట్టేసి వచ్చేశాను. అప్పట్నించి రోసా నాతో మాట మానేసింది. మా పద్ధతి తనకెవరు చెప్తారు?

ఇవాళ హెర్న్‌డన్ ఊరంతా డ్రైవ్ చేసి, రెండుసార్లు మీ ఇల్లు దాటిపోయి, మూడోసారికి ఆగాను. “మీరీసారైనా తింటారా, ఆంటీ?” అంది రోసా, గుమ్మంలోనే తమాలె చేతికిచ్చి. నిలబడే ఆకు విప్పి కొరికాను. పచ్చిమిర్చి తగిలింది. మీ ఇంట్లో అంత కారం ఎవరూ తినరు. నా ఒక్కదాని కోసమే నువ్వు విడిగా చేసేదానివి.

పోయినేడు నేను వదిలేసి వచ్చిన దాంట్లో కూడా పచ్చిమిర్చి వేసిందా అని రోసాని అడగలేకపోయాను.