తలుపు తగల్లేదట!

బాబుగారూ,

లేవగానే చెంబుడు నీళ్లు తాగు. నొప్పి మాత్ర టిఫిన్ తిన్నాకే వేసుకో. సాక్సుల కింద నువ్వు దాచిన రెండో రకం మాత్రలు టేబుల్ మీద పెట్టాను. అవి యూరిక్ యాసిడ్ తగ్గించేవట, నొప్పి లేకపోయినా రోజూ వేసుకోవాలట. అట్ట నిండుగానే ఉంది, పెళ్లినాటి నుంచి ఒక్కటీ వేసుకోలేదు! మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో సాయంత్రం ఆరింటికి డాక్టరుగారిని అడుగుదాం.

ఎలా తెలిసిందంటావా? పొద్దున్నే మీ అక్క ఫోన్ చేసింది. "మేక కార్జం వేపుడు చేస్తున్నా వదినా, మీ తమ్ముడికి ప్రాణం కదా" అన్నాను గొప్పగా.

"అయ్యో పిచ్చిదానా, వాడికి గౌట్, కీళ్లవాపు జబ్బు! కార్జం తింటే కాలు వాచిపోదూ?" అంది.

వెంటనే పొయ్యి కట్టేశాను. కాలి బొటనవేలు ఎందుకు వాచిందంటే తలుపు తగిలిందన్నావు! పెళ్లయిన ఈ నెల రోజులుగా వారానికి మూడుసార్లు నేను వండిపెడుతుంటే "ఇంకొంచెం వెయ్యి" అంటూ తిన్నావు! అంటే నీ కాలు వాచేలా చేసింది నేనేనా?

మాత్రలు చూస్తే ముసలాడనుకుంటానని భయమా? కుంటుతూనే నా సంచులు మోసుకుంటూ మార్కెట్టంతా తిరిగావు కదా, పిచ్చి మొహమా! అప్పుడే అనుకున్నాను, ఈయన్ని వదిలేది లేదని.

అన్నట్టు, వేపుడంతా పక్కింటి పిల్లికి పెట్టేశాను. అసలు నీకు కార్జం ఇష్టమేనా? అదైనా నిజం చెప్పు.