క్లోటిల్డ్ వేళ్ళు

మూర్మెలోన్, నవంబరు 1910

అమ్మా, నేను క్షేమం. విమానాల రెక్కలకు గుడ్డ కుట్టడమే నా పని, ఎగరడం కాదు, బెంగపడకు.

మా యజమాని వాల్బెర్ గారు గంటా పది నిమిషాలు ఎగిరి మా రెండు షెడ్లలో నెలకొల్పిన రికార్డును నిన్న పక్క షెడ్డు క్లోటిల్డ్ దాటేసింది. ఆమె విమానాన్ని ఎగిరే కుర్చీ అని వెక్కిరించిన ఆయనే గడియారం పట్టుకుని చివరిదాకా చలిలో నిలబడ్డారు. దిగాక ఆమె వేళ్ళు కొయ్యబారి, విమానం నడిపే పిడిని వదల్లేదు. ఆయనే ఒక్కో వేలూ విడదీసి, తన తోలు చేతొడుగులు తొడిగారు.

"మరి రేపు నా రికార్డు దాటడానికి ఎగిరేటప్పుడు మీకో?" అందామె.

"ఉంచుకో అమ్మాయ్. వేళ్ళు ఆడని మనిషిని ఓడిస్తే నాకేం గొప్ప?" అన్నారాయన.

మందపాటి ఊలు రెండుండలు పంపు, ఆయనకు కొత్తవి అల్లుతాను. తాతయ్యకు దగ్గు తగ్గిందా? ఇవాళ గాలి ఎక్కువ, ఎవరూ ఎగరలేదు. వాల్బెర్ గారూ క్లోటిల్డూ మా షెడ్డులోనే కాఫీ తాగుతూ పోట్లాడుకుంటున్నారు.

నాన్నకు ముద్దులు.

నీ సెవెరీన్