క్షమాపణ రాయకండి

పెదపాడు దగ్గర, కొల్లేటి గట్టు
9 డిసెంబరు 1936

ప్రియమైన భర్తగారికి హన్నమ్మ వందనాలు. ప్రభువు దయవల్ల అత్తయ్య, మన పిల్ల సారమ్మ, నేను కులాసాగానే ఉన్నాం. ఆ కూనూరు కొండల చలిలో మీ ఒంట్లో ఎలా ఉందో రాయండి.

ముందు మీరు అడిగినవాటికి జవాబు చెబుతాను. అత్తయ్య మోకాళ్ళ నొప్పులు ముసురు పట్టినప్పుడు ఎక్కువ, ఎండ కాస్తే తక్కువ. సారమ్మ మూడో తరగతి పుస్తకం గడగడా చదువుతోంది. ఇక టమాటాలు. "దొరగారి తోటలో వానకూ మంచుకూ ఆరుబయటే కాయిస్తున్నాను, మన కొల్లేట్లో ఎందుకు కాయవు?" అని రాసి మీరు విత్తనాలు పంపారు కదా. అందులో సగం నేనే చంపాను. నారు జానెడు ఎదగగానే పీకి, కట్టలు కట్టి, దమ్ము చేసిన బురదలో వరినాటు వేసినట్టే వేశాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నాకు తెలిసిన నాటు అదొక్కటే. నాలుగు రోజుల్లో అంతా కుళ్ళిపోయింది. మీ అన్నయ్య ప్రసాదరావు బావగారు చూసి ఊరంతా చెప్పుకుని నవ్వారు.

ఆ నవ్వుకే నాకు పట్టుదల పుట్టింది. మిగిలిన విత్తనం భాద్రపదంలో పోశాను. తట్టలతో మట్టి మోసి మోకాలెత్తు గట్లు పోసి, వాటి మీద నాటాను. మొక్కకో జీలుగ కర్ర పాతి, ఆకు నేలకు తగలకుండా కట్టాను. వాన ముంచుకొస్తే తాటాకులు కప్పడం, తెరిపివ్వగానే తీసెయ్యడం. మచ్చ పడిన ఆకు కనిపిస్తే అప్పుడే తుంచి పొయ్యిలో పెట్టేదాన్ని. కార్తీకం మంచుకు కూడా మొక్కలు తట్టుకున్నాయి. కాశాయండీ. ఎర్రగా, గంపెడు.

ఇంతవరకూ దాచిన సంగతి ఇప్పుడు చెబుతున్నాను. పోయిన ఆదివారం కోతల పండుగ. తొలికాపు గుడికి పట్టుకెళ్ళాను. ప్రార్థన అయ్యాక ఎప్పటిలాగే అర్పణలు వేలంపాటకు పెట్టారు. ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు అన్నీ పోటీపడి పాడుకున్నారు. నా గంప దగ్గరికి వచ్చేసరికి ఒక్కరూ పాట పెట్టలేదు. నెత్తురు రంగు కాయలు, తింటే ఒళ్ళంతా పుళ్ళు పడతాయని ఆడవాళ్ళు గుసగుసలాడారు. బావగారు సంఘపెద్ద కదా, లేచి నిలబడ్డారు.

"మొగుడు ఊళ్ళో లేడని ఇష్టమొచ్చిన విషం పండిస్తోందండీ. కాలవలో పారబొయ్యండి" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేరుగా వెళ్ళి గంపలోంచి ఒక కాయ తీసి, అందరూ చూస్తుండగా కొరికాను. రసం మోచేతి దాకా కారింది. అది అయ్యాక ఇంకోటి తిన్నాను.

అంతే, దేవుడి సొత్తు తిన్నానని నా మీద నేరం. "పారబొయ్యమన్నాక అది దేవుడిదెలా అవుతుందండీ?" అని అడిగాను. పెద్దలు కూర్చుని తీర్మానం చేశారు. నా భార్య చేసింది తప్పు, మన్నించండి అని మీరు క్రిస్మస్ లోపు రాసి పంపాలట. అందాకా గుడిలో అందరూ తీసుకునే ప్రభువు బల్ల రొట్టె నాకు లేదు. వాళ్ళ ఉత్తరం కూడా ఈపాటికి మీకు చేరే ఉంటుంది.

మీరు మెత్తని మనిషి. అన్నగారి ముందు తలెత్తరు. అదే నా భయం. అత్తయ్య కూడా ఇంటికొచ్చాక ఏమంటుందోనని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. ఆవిడ ఒక కాయ తీసి, ఉప్పద్దుకుని, గింజ మిగలకుండా తిన్నది. "పప్పులో వేస్తే బావుంటాదే. నీకివ్వని రొట్టె నాకూ వద్దు, పెద్దోడికి నేనే చెప్తాను" అంది.

నేను తప్పు చేయలేదు. టమాటాలు రోజూ తింటున్నానని మీరే రాశారు. ఆ ఒక్క ముక్క మీ అన్నయ్యకు రాయండి, గుడిలో చదివిస్తాను. అందుకు ధైర్యం చాలకపోతే ఏమీ రాయకండి. మీ క్షమాపణే వస్తే మాత్రం, వాళ్ళు రొట్టె అందించినా నేను చెయ్యి చాపను.

ఇట్లు,
తప్పు చేయని మీ భార్య
హన్నమ్మ