పడౌక్ నీడలో కోకో

పట్నంలో, బతు బస్తీలో ఉన్న అన్నయ్యకు,

నువ్వు ఫోను ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. కోపంతో చింపెయ్యకు. నీకు చదవబుద్ధి కాకపోతే వదిన చేత చదివించుకుని విను.

ఎండ తగిలితే కాపు పెరుగుతుందన్న చాక్లెట్ కంపెనీ మాట పట్టుకుని, మన కోకో తోటకు నీడనిచ్చే పెద్ద చెట్లన్నీ కొట్టెయ్యమని నువ్వు పంపిన దుర్గారావు నిన్న రంపంతో వచ్చాడు. వాటిలో అన్నిటికన్నా పెద్దదైన పడౌక్ చెట్టుకు నేను అడ్డంగా నిలబడ్డాను.

"ఏటి దీదీ, మీ భయ్యాయే కోసెయ్యమన్నాడు. జర హటో, పక్కకు జరుగు," అన్నాడు.

"పైన తొర్రలో చిలకలు పిల్లల్ని పెట్టాయి. ముందు నన్ను కొయ్యి, తర్వాత చెట్టు," అన్నాను.

అమ్మ కుర్చీ తెచ్చుకుని చెట్టు మొదట్లో కూర్చుంది. అతను రంపం దించి, మేమిచ్చిన టీ తాగి వెళ్లిపోయాడు.

చిలకలు కాయలు పాడుచేస్తాయంటావు. చేస్తాయి, కొన్ని పోనీ. కానీ కోకో పువ్వు మీద వాలి కాయ పట్టించే నలుసంత పురుగు ఆ చెట్ల కింద కుళ్లిన ఆకుల్లోనే పుడుతుంది. చెట్లు కొట్టి, ఆకులు ఊడ్చి, మందు చల్లితే మనకు ఉత్త పువ్వులే మిగులుతాయి. అప్పుడు కంపెనీ మన దీవిని వదిలి ఇంకో దీవి చూసుకుంటుంది. మనం ఎక్కడికి పోతాం?

తోట మనిద్దరి పేరునా ఉంది. చెట్లు కొట్టడానికి ఒప్పుకున్నట్టు కంపెనీ రాయించిన కాగితం మీద నేను సంతకం పెట్టను. కేసు వేస్తానని అమ్మతో అన్నావట. వెయ్యి. వాయిదా రోజున కోర్టుకు ఇద్దరం కలిసే వెళ్దాం. నీకిష్టమైన చేపల పులుసు క్యారేజీలో పెట్టి తెస్తాను. కడుపునిండా తిని, నా మీద సాక్ష్యం చెప్పు.

నీ చెల్లెలు