బస్తా తొక్కొద్దన్నాను

బొగొటా,
ఆగస్టు 9.

మా అమ్మాయి మార్లెనీకి జ్ఞానతండ్రివీ, ఆ వరసన నాకు కొంపాద్రేవీ, తోడబుట్టనంత మాత్రాన వదిలిపోని తమ్ముడివీ అయిన అల్దెమార్‌కి, ఎలియేసెర్ దండాలు.

ఇక్కడ నేనూ, మార్లెనీ, నా పొట్టా క్షేమం. ఇబగెలో మీ అక్క వంట తిని నువ్వు దూడలా బలిశావని విన్నాను. కాలి కట్లు విప్పారా? అదొక్కటీ నిజం రాయి.

మన చెత్త షెడ్డులో ఇప్పుడెవరూ బస్తా ఎక్కి తొక్కడం లేదు, కొంపాద్రే. తొక్కకపోతే ఏరిందంతా బండికి పట్టదని మనం పుట్టినప్పట్నుంచీ తొక్కుతూనే ఉన్నాం కదా. ఇప్పుడు బుద్ధిగా రెండు విడతలు తోలుతున్నారు. షెడ్డు పెద్ద దోన్యా రుబియెలా బ్యాటరీలకని వేరే బల్ల వేయించింది. ఫోన్లవీ, బొమ్మలవీ, ఏవైనా సరే, కొసలకి టేపు అంటించాలి. ఉబ్బినదాన్ని నొక్కకూడదు, విప్పకూడదు. పొడి ఇసుక డబ్బాలో పెట్టి బయట నీడన ఉంచాలి. వాటిని కరిగించి మళ్ళీ వాడుకునే వాళ్ళ బండి వారం వారం వచ్చి పట్టుకుపోతుంది. ఆ బల్ల నీకే ఇచ్చారు. నిలబడక్కర్లేదు, కుర్చీ ఉంది.

ఆ రోజు సంగతి మనిద్దరం ఇంతవరకూ ఎత్తలేదు. నువ్వు బస్తాలోకి దిగబోతున్నావు. లోపల కడుపుతో ఉన్నట్టు ఉబ్బిన ఫోనొకటి నాకు కనబడింది. తొక్కొద్దురా, బ్యాటరీ ఉంది, అంటుకుంటుందని అరిచాను. నువ్వు నవ్వావు.

“మొన్న పాముందన్నావు, అంతకుముందు పోలీసులన్నావు. ఇవాళ నిప్పా, కొంపాద్రే?” అన్నావు. రెండు కాళ్ళతో ఎగిరి దూకావు.

ముందు తెల్లటి పొగ. ఆ వెంటనే మంట. నీ రబ్బరు బూటు లాగితే రాలేదు. ఆ వాసన నా చేతుల్ని ఇంకా వదల్లేదు.

నీ చోట నేనున్నా నవ్వేవాణ్ణే. అయినా ఆ రోజు నుంచీ ఒక్క వేళాకోళమూ ఆడలేదు. పొద్దున వేడి బెల్లంనీళ్ళు తాగేటప్పుడు అందరూ నా నోటివంకే చూస్తారు. నేను తాగేసి లేచిపోతాను.

నీ వంతు అరెపా రొట్టె కూడా తానే తినేస్తూ నీకోసం చూస్తున్న,
ఎలియేసెర్

తా.క.: నువ్వు రావాలని పైన కొంత కల్పించి రాశాను. బల్ల ఉంది, ఇసుకా ఉంది. కానీ తొక్కడం ఎవరూ మానలేదు. ఆ మంట నీ సిగరెట్టు వల్లేనట. నీ నోట్లో సిగరెట్టు లేదని ఎంత చెప్పినా వినరు. నేను నవ్వకుండా తిరగడం ఇంతవరకూ వేసిన వాటన్నిట్లోకీ పెద్ద వేషమని పందేలు కాస్తున్నారు. ఇవాళ మార్లెనీ బస్తా ఎక్కింది. కాళ్ళు పట్టుకుని ఆపాను. “చాల్లే నాన్నా, బాగా నటిస్తున్నావు” అని నా తలమీద తట్టి, తొక్కింది. ఇవాళ బస్తాలో ఏమీ లేదు. నువ్వు కుంటుకుంటూనైనా రా. నువ్వు చెబితే నమ్ముతుంది.