నీడలో వేలాడిన మీటరు

జూలై, గురువారం రాత్రి. కూలీల క్యాంపు.

నిద్ర రావడం లేదు, కోపం దిగడం లేదు. ప్రపంచ కప్పు కోసం మేం కడుతున్న స్టేడియం దగ్గర ఎండను కొలిచే మీటరు ఉంది. అంకె ఎర్ర గీత దాటితే పని ఆపాలి. ఫోర్‌మన్ దాన్ని నీళ్ళ కూలర్ పక్కన, నీడలో వేలాడదీశాడు. కడ్డీలు కట్టే నర్సన్న మాత్రం ఎండలోనే ఉన్నాడు. కళ్ళు తిరుగుతున్నాయన్నాడు.

"మీటర్ ఠీక్ హై, యల్లా!" అన్నాడు ఫోర్‌మన్, పనిలోకి కదలమని చెయ్యి ఊపుతూ.

అతను అటు పోగానే మీటరు తెచ్చి కడ్డీల మీద పెట్టాను. నర్సన్న చూస్తుండగానే అంకె గీత దాటింది. అటుగా వచ్చిన సేఫ్టీ ఆఫీసర్ అది చూసి పని ఆపించాడు.

మనిషి చూసినా చూడకపోయినా ప్రకృతి నియమం నడుస్తూనే ఉంటుందని నేను చదివే చిన్న సైన్సు పుస్తకాలన్నీ చెబుతాయి. నిజమే, ఎండ పొద్దుటి నుంచీ అంతే ఉంది. కానీ ఎవరో ఒకరు చూసేదాకా పని ఆగలేదే! ఈ ముక్క వాటిలో ఎందుకు లేదు?

మీటరు కదిపినవాణ్ణి పనిలోంచి తీసేసి స్వదేశానికి పంపిస్తానని ఫోర్‌మన్ అరుస్తున్నాడట. ఇందాక కింది మంచం మీంచి నర్సన్న అన్నాడు: "నన్నడిగితే నేనేం సూడలేదని చెప్త. నువ్వు గూడ నోరు మూస్కోరా, సైంటిస్టూ."

"మీటరు నీడకున్నది గూడ సూడలేదంటవా, అన్నా?"

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆయన చూడలేదంటే నేను బతికిపోతాను. మీటరు మళ్ళీ కూలర్ పక్కకు, ఆయన మళ్ళీ ఎండలోకి. రేపు శుక్రవారం, ఇక్కడ సెలవు. శనివారం పొద్దున, మీటరు నీడలో ఉండగా చూశానని సేఫ్టీ ఆఫీసర్‌కు చెప్పడానికి ఇక నా నోరొక్కటే ఉంది.