ముందు గది కాగితం

ఏవండీ,

బాగున్నారా? మీరు వెళ్ళి ఏడాదీ నాలుగు నెలలయింది. ఆ దగ్గు తగ్గిందా? మీ అమ్మగారి మోకాళ్ళెలా ఉన్నాయి? మీ తమ్ముడికి చక్కెర జబ్బు ఇంకా ఉందా, అక్కడ అలాంటివేవీ ఉండవా? మన చిన్నది... ఎనిమిది నెలలకే వెళ్ళిపోయింది కదా, దాన్ని ఎవరెత్తుకుంటున్నారు? ఏ భాషలో జోకొడుతున్నారు?

నేను బాగానే ఉన్నాననుకోండి. గ్యాస్ కట్టేశానా లేదా అని మూడుసార్లు వంటింట్లోకి వెళ్ళి చూస్తాను. మీరుంటే "ఏటే ఆ బెంగ? నాను లేనా?" అనేవారు. ఇప్పుడు లేరు. అందుకే రాస్తున్నాను. తప్పులుంటే తిట్టకండి, మిషన్ బడిలో మూడో తరగతి దాకానే కదా నా చదువు.

మీ పార్టీ వాళ్ళు వచ్చారు.

అంత్యక్రియల నాడు మీ మీద జెండా కప్పి వెళ్ళినవాళ్ళు, మళ్ళీ పోయిన వారమే కనిపించారు. మీ అధ్యక్షుడు గారు ఉన్నారే, ఆ విజయనగరం వకీలే, ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చారు. సగం పార్టీ మన అరుగు మీదే కూర్చుంది.

నౌపడ రైల్వే క్వార్టర్లలో పుట్టి, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడుకునే మీలాంటి కుటుంబాలు ఈ రెండు జిల్లాల్లో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఒడియా వాళ్ళకి ఇచ్చినట్టే మాకూ మా భాషలో బడి ఇవ్వండి, ఆఫీసు కాగితాలు ఇవ్వండి అని పార్టీ పెట్టారు. రైలు గార్డు ఉద్యోగం నుంచి రిటైరై, ఈల దించి మైకు పట్టారు. కోటబొమ్మాళి సంతలో పంచిన కరపత్రాలు కూడా ఇంగ్లీషులోనే. తెలుగులో వేస్తే ఇంక పార్టీ ఎందుకన్నారు. వాటిలోనే బజ్జీల కొట్టువాళ్ళు వారం రోజులు పొట్లాలు కట్టి ఇచ్చారండీ... బాధపడతారని మీతో చెప్పలేదు.

మీ ప్రసంగం మాత్రం తెలుగులోనే, నాకు నోటికొచ్చు. "అర్థం కాని కాయితం మీద ఎట్టించుకుంటే అది సంతకం కాదర్రా, సంకెల!" ఎంత గట్టిగా అరిచేవారో.

అధ్యక్షుడు గారు సంచిలోంచి ఒక కాగితం తీశారు. అంతా ఇంగ్లీషు. మీ సంస్మరణ సభ కోసమట, కింద నా సంతకం కావాలట. కళ్ళజోడు బాగుచేయడానికి శ్రీకాకుళం పంపానని అబద్ధమాడాను. జోడు నా కొంగులోనే ఉంది. దేవుడు క్షమిస్తాడా?

వాళ్ళు కాగితం ఉంచి వెళ్ళాక పక్కింటి లక్ష్మి టీచరు చేత చదివించాను. ఆవిడ ఒకసారి చదివి, నా మొహం చూసి, మళ్ళీ మొదటి నుంచి మెల్లగా తెలుగులో చెప్పింది. మన ముందు గది శాశ్వతంగా పార్టీ ఆఫీసుకి ఇచ్చేస్తున్నామట. నేను పడుకునేది ఆ గదిలోనే కదండీ? వెనక గది వానకి కారుతుందని మీకు తెలుసు. స్థలం మా నాన్న నా పేరున రాసింది కాబట్టి నా సంతకం లేనిదే చెల్లదట.

వకీలు మీద కోపం వచ్చేలోగా కిందకి చూశాను. అక్కడ మీ సంతకం. ఇంగ్లీషు చదవడం రాకపోతే మాత్రం, ఆ చివరి గీత నాకు తెలీదా? మీరు ఆసుపత్రిలో చేరడానికి ముందు నెలలోనే పెట్టారట. పక్కనే నాకు చోటు వదిలారు... ఒక్క మాట చెప్పలేదేమండీ? మరిచిపోయారా? చెప్పక్కర్లేదనుకున్నారా?

అవున్లెండి, ఎప్పుడు చెప్పారు కనక? నామినేషన్ కాగితం చూపించి "ఇక్కడెట్టే రూతూ" అన్నారు, పెట్టాను. మిమ్మల్ని ప్రతిపాదించింది నేనేనని ఎన్నికలయ్యాక ఎవరో చెబితే తెలిసింది. నాకొచ్చిన ఇంగ్లీషల్లా నా పేరే. పెళ్ళయిన కొత్తలో, భోజనాల బల్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆ నాలుగక్షరాలూ దిద్దించారు. ఎంత మురిసిపోయానో! ఆ బల్ల దగ్గరే మీరూ మీ అమ్మగారూ ఏదో అనుకుని నవ్వుకుంటుంటే, నా గురించేనేమోనని తల వంచుకుని అన్నం తిన్నాను. ఎన్నేళ్ళు తిన్నానండీ అలాగ? బైబిల్లో రూతు కూడా అత్త వెంటే వెళ్ళింది. కానీ ఆ అత్త ఆమెకి అర్థమయ్యేలా మాట్లాడింది...

మైనారిటీల కోసం ఊరూరా తిరిగారు. ఈ ఇంట్లో మైనారిటీ ఎవరో ఒక్కనాడైనా చూశారా?

కాగితం తెలుగులో రాయించి తెమ్మని, అరుగు మీద అందరికీ వినబడేలా చదవమని వకీలుకి కబురు పెట్టాను. అది పార్టీ సిద్ధాంతానికే విరుద్ధమని జవాబొచ్చింది. నవ్వాను. మీరు పోయాక నవ్వడం అదే మొదలు. లక్ష్మి టీచరు హడలిపోయింది.

తర్వాత మెత్తబడి, ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక తెలుగు కాగితంతోనే వస్తామన్నారు. రానివ్వండి. అంతా వింటాను. విని, సంతకం పెట్టనని చెబుతాను. మీ బోర్డూ జెండా మిగిలిన కరపత్రాలూ ఇచ్చి పంపేస్తాను. ఈల మాత్రం ఇవ్వను. సంతకం కాదు, సంకెల అన్నది మీ మాటే కదండీ? కోపం వస్తే రానివ్వండి.

మీ సమాధికి సున్నం వేయిస్తున్నాను. రాయి మీద మీ పేరు ఇంగ్లీషులోనే ఉంటుంది, దాని జోలికి పోను. దాని కింద నాకోసం వదిలిన చోటులో మాత్రం నా పేరు తెలుగులో చెక్కించమని పాస్టరు గారికి చెప్పి ఉంచాను.

ఈస్టరు నాడు పొద్దు పొడిచే వేళకి కొవ్వొత్తులు పట్టుకుని వస్తాను. గ్యాస్ చూసుకుని, గడియ చూసుకుని బయల్దేరాలి, కాస్త ఆలస్యమైతే కంగారు పడకండి.

రూతు